రెండు చాలు

తాడిపత్రిలో పాలిష్ ఫ్యాక్టరీల దుమ్ము
పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ పేరుకుంటుంది,
నా మందులంగడి అద్దాల మీద వేలితో లెక్కలు రాసుకోవచ్చు.

గల్లాపెట్టె పక్కన మేకుకు వేలాడే కత్తెర
మా నాయన బట్టలంగడి మూసేసినప్పుడు మిగిలింది.
ఆయన జానెడు ఎక్కువే కోసిచ్చేవాడు.
నేను మాత్రల అట్టలు కోశాను,
ఎప్పుడూ తక్కువే.

"దగ్గన్నా, గల్ల పచ్చగా పడతాండాది."
అట్ట తీస్తాను. ఐదు రోజుల మందు.
"రెండు చాల్లే, కూలి శనివారమిస్తారు."
కరుక్కు.
ఇరవై రెండేళ్ళు.
గడువు తేదీ ఉన్న ముక్క ఎటు పోయిందో
ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.
వట్టి జలుబుకూ ఇచ్చాను, ముక్కు కారిన ప్రతి పిల్లోడికీ ఇచ్చాను.
నేనివ్వకపోతే ఎదురంగడి శేషఫణి ఇస్తాడు,
అదొక్కటే నాకు తెలిసిన వైద్యశాస్త్రం.

దస్తగిరమ్మ రాళ్ళు కోసే మర దగ్గర నీళ్ళు పోస్తుంది.
జొరం దిగిన పూటే మాత్ర ఆపేసి
మిగిలినదాన్ని గూట్లో ఉప్పుడబ్బా వెనక దాస్తుంది,
పక్కింటి వాళ్ళకో, మరుసటి చలికాలానికో.
ఎంత పొదుపరి అని ముచ్చటపడేవాణ్ణి.

శివరాత్రి దాటాక వచ్చింది, చేతిలో కాగితంతో.
మనవడు మాబాషా, ఆరేళ్ళు,
అనంతపురం పెద్దాసుపత్రిలో నిమోనియాతో ఉన్నాడు.
"ఇంగ్లీషు సదివేటోడివి నువ్వే గదన్నా."

ఎడమవైపు వరసగా నాకు తెలిసిన పేర్లే.
ఏ బిళ్ళ ఏ రంగో, ఏ అట్ట రేకు ఎట్లా చిరుగుతుందో
కళ్ళు మూసుకుని చెప్పగలను.
కుడివైపు ఒకటే అక్షరం.
ఆర్. ఆర్. ఆర్. ఆర్.
అడుగున ఒక్కటంటే ఒక్క ఎస్,
నా అంగడిలో ఏనాడూ పెట్టని సూదిమందుకు.

"ఆ అచ్చరమేంది, అన్ని తూర్లు రాసినారు?"
లొంగదని, అన్నాను. లోపలున్న పురుగు
ఈ మందుకు లొంగదు, దీనికీ లొంగదు.
"మొదుట్లో లొంగేదే గదా."
లొంగేది.

ఆమె కాసేపు గడప చూసింది.
"తుంగ పెరికినట్ట. ఆకు పెరికి గడ్డ ఇడిసిపెడితే
మల్లా మొలిసింది మనకు బెదరదు."
వాళ్ళకొకప్పుడు చెనిక్కాయ చేను ఉండేదట.
ఇంత తేలిగ్గా నాకెవరూ చెప్పలేదు.

"అయినా వాడు మింగిందెన్ని మాత్రలన్నా, వాని కాడికే యాల వచ్చె?"
అది వాడు మింగిన లెక్క కాదమ్మా,
ఊరు మింగింది, మింగక దాచింది, నేను కోసింది.
ఈ మాట గొంతు దాటలేదు.
కత్తెర నా వెనకే వేలాడుతోంది.
ఆమె దాన్ని చూడలేదు.
చూసుంటే బాగుండేది.

సూది ఒక్కోటి ఆమెకు రెండు దినాల కూలి.
కర్నూలు ఏజెన్సీకి ఫోన్ చేసి తెప్పించాను.
ఖాతాలో రాయలేదు.
దానమని ఎవరూ అనకండి.

నిన్న రాత్రికి పిల్లోడికి నూటొకటి.
దిగిందంటోంది దస్తగిరమ్మ, నూటమూడు నుంచి.

ఇవాళ కనుబొమల మీద దుమ్ముతో ఒక కుర్రాడు.
"దగ్గుకు ఆ ఎర్ర బిళ్ళలు, రెండు చాలు."
చీటీ ఉంటే అట్టంతా తీసుకో, డబ్బు తర్వాతివ్వు.
లేకుంటే ముందు డాక్టరుకు చూపించు, అన్నాను.
పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి
నాపరాళ్ళ లారీ వెళ్ళేదాకా ఆగి రోడ్డు దాటాడు.

లారీ మోత తగ్గాక
ఎదురంగడి నుంచి స్పష్టంగా వినిపించింది,
కరుక్కు.